అడగని వారిని వెతికే పని

జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో ఒక వర్గాన్ని గురించి మనం అంతగా ఆలోచించం. అత్ తౌబా సూరా 60వ ఆయత్‌లో నిరుపేదలు, అక్కరలో ఉన్నవారి తర్వాత వెంటనే జకాత్ వ్యవహారాలు చూసే పనివారి ప్రస్తావన వస్తుంది. అంటే సాయాన్ని చేరవేయడం తీరిక వేళ చేసే పుణ్యకార్యం మాత్రమే కాదు. అదొక బాధ్యత, ఆ శ్రమకు ప్రతిఫలమూ ఉంది. నేటి సామాజిక కార్యకర్తల పనిని ఈ వెలుగులోనే చూడాలి.

అందులో మొదటిది గుర్తుపట్టడం. అక్కరలో ఉన్నా ఎవరినీ పట్టుబట్టి అడగనివారిని, ఎరుగనివారు కలవారనే అనుకుంటారని అల్ బఖరా సూరా 273వ ఆయత్ తెలుపుతోంది. ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో అలాంటి ఇళ్ళు మనకు తెలియనివా? చేపల చెరువుల మీద కూలికెళ్ళే కొడుకు తెచ్చేదానితో గుట్టుగా నెట్టుకొచ్చే ముసలి తల్లి మస్జిద్ వాకిట చెయ్యి చాపదు. రంజాన్ కిట్ కన్నా ముందు ఆమెకు కావలసింది, ఆధార్‌లో తప్పుపడిన వయసు దిద్దించి, సచివాలయంలో పెన్షనుకు దరఖాస్తు పెట్టించే మనిషి. 2024లో ఆ వృద్ధాప్య పెన్షను నెలకు 4,000 రూపాయలైంది. అది మంజూరైతే ఆమె ఎవరి దయ కోసమూ ఎదురుచూడనక్కరలేదు.

2020 డిసెంబరులో ఏలూరులో అంతుచిక్కని జబ్బుతో వందలమంది ఉన్నట్టుండి పడిపోయినప్పుడు ఇంటింటికీ తిరిగి ఆరా తీసినవారిలో ఆశా కార్యకర్తలున్నారు. ఏ ఇంట్లో ఎవరున్నారో వారికి తెలుసు. ఆ ఇంటి గుట్టు ఇరుగుపొరుగైన మనకు తెలుసు. ఈ రెండూ కలవాలి.

రెండవది గోప్యత. మనసు నొప్పిస్తే దానం వ్యర్థమవుతుందని అదే సూరా 264వ ఆయత్ హెచ్చరిస్తోంది. బియ్యం మూటతో పాటు ఫోటో తీయించడం నొప్పించడం కాదా? మేమూ ఒకప్పుడు అలాంటి ఫోటోల్లో నిలబడ్డవారమే.

అన్నిటికన్నా కష్టమైనది ఇంటి లోపలి దెబ్బలు. భర్త కొడుతున్నాడని ఒక సోదరి వస్తే, సబర్ చేయమని చెప్పి పంపేస్తున్నాం. సబర్ అంటే దెబ్బలు తింటూ కూర్చోవడం కాదు. 2005 గృహహింస చట్టం ప్రకారం ఆమెకు అండగా నిలవడానికి రక్షణాధికారి ఉన్నారు. కన్నవారిని పోషించని పిల్లల మీద 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గరకు వెళ్ళవచ్చు. పెద్దమనుషుల పంచాయితీ వీటికి ప్రత్యామ్నాయం కాదు.

స్త్రీలకు 181, పిల్లలకు 1098, వృద్ధులకు 14567. ఈ నంబర్లను నమాజు వేళల పట్టిక పక్కన అంటించండి. మస్జిద్‌కు రాని స్త్రీలకు ఇజ్తెమాలో చదివి వినిపించండి.