గర్భిణులకు మూత్రకోశ వ్యాధి: గుర్తింపు, చికిత్స

నాట్లకాలమున ఉదయము మొదలు సాయంకాలమువఱకు మడిలో వంగి పనిచేయు స్త్రీలలో గర్భిణులును ఉందురు. చాటు లేమిచే వారు మూత్రము బిగబట్టుకొందురు. ఆ యిబ్బందికి వెఱచి నీరు త్రాగుటయే తగ్గింతురు. కావున ఈ మాసము పైరుల ముచ్చట మాని ఈ విషయమును వ్రాయుచున్నాను.

కారణము: పాఱు కాలువలో నాచు నిలువదు, నిలిచిన నీట పెరుగును. గర్భకాలమున శరీరమునందు హెచ్చు ప్రొజెస్టిరోన్ అను రసము మూత్రనాళములను సడలించును. ఎదుగు గర్భాశయము వానిని ఒత్తును. మూత్రము మెల్లగ దిగి కొంత నిలిచిపోవును. ప్రేగులలో నుండు ఇ. కోలై అను సూక్ష్మజీవి తఱచుగా అందు చేరి వృద్ధిపొందును.

గుర్తించుట: మంట, మాటిమాటికి మూత్రము వచ్చుట, పొత్తికడుపు నొప్పి, మూత్రమున రక్తము కనబడుట దీని చిహ్నములు. అయితే నూటికి 2 మొదలు 10 మంది గర్భిణులకు ఏ బాధయు లేకయే మూత్రమున సూక్ష్మజీవులు పెరుగును. చికిత్స లేనిచో వీరిలో కొందఱికి వ్యాధి మూత్రపిండముల కెక్కును. నెలలు నిండకయే ప్రసవము కావచ్చును. అందుచే బాధ లేకున్నను మూడు నాలుగు నెలలలో ఒకమాఱు కల్చరు పరీక్ష చేయింపవలెను. మట్టి పరీక్షకు పైచెత్త తొలగించి మన్ను తీయునట్లే, ఇందును శుభ్రపఱచుకొని, మొదటి ధార విడిచి, నడిమి ధారను వైద్యశాలవారిచ్చిన సీసాలో పట్టవలెను.

చికిత్స: ఆ జీవి ఏ మందునకు లొంగునో కల్చరు తెలుపును. సెఫలెక్సిన్, నైట్రోఫ్యూరంటాయిన్ మొదలగువానిని వైద్యులు నెలలను బట్టి యిత్తురు. రెండవదానిని ప్రసవము సమీపించినపుడు ఈయరు. సిప్రోఫ్లాక్సాసిన్, టెట్రాసైక్లిన్ వంటివి గర్భిణులకు సాధారణముగ కూడవు. కావున ఇంట మిగిలిన మాత్రలు వాడరాదు. వైద్యుడు చెప్పిన 5 లేక 7 దినములును మందు పుచ్చుకొనవలెను. మంట తగ్గెనని నడుమ మానరాదు. ముగిసిన ఒకటి రెండు వారములకు మరల పరీక్ష అవసరము. మజ్జిగ, బార్లీనీరు మంచివే గాని మందునకు బదులు కావు.

చలిజ్వరము, నడుము ప్రక్క నొప్పి, వాంతులు కలిగినచో వానలో తడిసిన జ్వరమని ఉపేక్షింపరాదు. ఆ దినముననే, రాత్రియైనను, 108 బండిని పిలిచి ఆసుపత్రికి చేర్పవలెను.

2016 నుండి ప్రతి నెల 9వ తేదీని ప్రభుత్వ వైద్యశాలలలో నాలుగవ నెల మొదలు గర్భిణులను ఉచితముగ పరీక్షించుచున్నారు. ఆ దినము కూలి తగ్గింపక వారిని పంపుడు. గట్టుపై నాలుగు తడికల చాటును, ఒక కడవ మంచినీరును ఏర్పఱచుట ఏ రైతునకును భారము కాదు.