ట్రాలీ ఇరుసు: లోపమును కనుగొనుట, క్రొత్తది అమర్చుట

ఎడ్లబండి తోలిన ప్రతి రైతుకును ఇరుసు విలువ తెలియును. కందెన లేని ఇరుసు కిర్రుమని మొరపెట్టును. కడశీల ఊడినచో చక్రము దారిలోనే జారిపోవును. నేడు పల్లెలలో ఎడ్లబండి చేయు పనిని చాలవరకు ట్రాక్టరు ట్రాలీ చేయుచున్నది. తెలంగాణలో 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద 12 వేలకు పైగా గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. చెత్త సేకరణకును, మొక్కలకు నీరు పోయుటకును, వేసవిలో నీటి సరఫరాకును ఇవి ఉపయోగపడును. అయితే ఇంజను చప్పుడులో ట్రాలీ ఇరుసు మొర వినబడదు. కావున దాని బాధను కంటితోను, చేతితోను, కొలతతోను మనమే కనిపెట్టవలెను.

ఒక వేసవిలో నేను చూచిన ఒక గ్రామమున నీటి ట్యాంకరు టైర్లు లోపలి అంచున అరిగిపోయినవి. పంచాయతీవారు క్రొత్త టైర్లు వేయించిరి. కొన్ని నెలలకే అవియు అటులనే అరిగినవి. టైర్ల నాణ్యతను నిందించి మరియొక జత కొనిరి. తుదకు ఒక చక్రము బిగుసుకొని ట్యాంకరు దారిలో నిలిచిపోయినది. అప్పుడు గాని ఇరుసు నడుమ క్రిందికి వంగిన సంగతి ఎవరికిని తెలియలేదు. రెండు జతల టైర్ల సొమ్ము వృథా అయినది. మరమ్మతు ముగియువరకు స్త్రీలు మండుటెండలో పొలముల బోర్లనుండి బిందెలు మోసిరి. జబ్బు ఇరుసులో ఉండగా మందు టైరుకు వేసిన ఫలితమిది.

ఇరుసు ఏల చెడును?

రెండు చక్రముల ట్రాలీలో ఇరుసు ఒక బలమైన ఉక్కు కడ్డీ. దీనిని యూ బోల్టులతో కమాను పట్టీలకు బిగింతురు. దాని గుండ్రని కొనలపై ఒక్కొక్క హబ్బులో రెండేసి బేరింగులుండును. గ్రీజు ఎండినను, సీలు చిరిగి దుమ్ము, నీరు లోనికి చేరినను బేరింగులు అరిగి ఇరుసు కొనను కొరికివేయును.

రెండవ కారణము అధిక భారము. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు గల ట్రాలీలో 120 ఘనపుటడుగులు, అనగా సుమారు 3.4 ఘనపు మీటర్ల సరకు పట్టును. పొడి చెత్త అంచువరకు నింపినను బరువు స్వల్పమే. అదే ట్రాలీని తడి ఇసుకతో నింపినచో బరువు 6 టన్నులకు మించును. లీటరు నీటి బరువు ఒక కిలో. 5,000 లీటర్ల ట్యాంకరులో నీటి బరువే 5 టన్నులు. కావున ట్రాలీ నిండినదా అని గాక, ఎంత బరువైనదని చూడవలెను. ఇరుసు మోయదగిన బరువును తయారీదారు పత్రములో చూచి, ట్రాలీపై పెద్ద అక్షరములతో వ్రాయించుట మంచిది.

పరీక్షించు విధము

1. టైర్లను చూడుడు. రెండును లోపలి అంచున అరిగి, చక్రముల పైభాగములు లోనికి ఒరిగినచో ఇరుసు నడుమ వంగినదని అనుమానింపవలెను.

2. ట్రాక్టరు కొక్కెమునుండి ఒక్కొక్క చక్రపు నడిమికి త్రాడుతో కొలువుడు. రెండు కొలతలును సమానముగా ఉండవలెను. లేనిచో ఇరుసు ప్రక్కకు జరిగినది, లేక ఒక కొన వెనుకకు వంగినది. అట్టి ట్రాలీ రోడ్డుపై ఓరగా నడచును.

3. ప్రయాణము ముగిసినంతనే హబ్బులను జాగ్రత్తగా తాకి చూడుడు. ఒకటి రెండవదానికంటె మిక్కిలి వేడిగా ఉన్నచో అందు లోపమున్నది.

4. ఖాళీ ట్రాలీని జాకీతో ఎత్తి, చక్రమును పైనను క్రిందను పట్టుకొని ఊపుడు. కదలిక కనబడినచో బేరింగు వదులైనది, లేక అరిగినది. త్రిప్పినప్పుడు గరగర వినబడినచో హబ్బును విప్పి చూడవలెను.

ఇరుసు తిన్నగను, కొన నున్నగను ఉన్నచో బేరింగులు, సీలు మార్చిన చాలును. ఇరుసు వంగినను, కొనపై గాడి, పగులు లేక కాలిన నీలిరంగు కనబడినను ఇరుసునే మార్చవలెను. కొలిమిలో కాల్చి తిన్నగా చేయుటయు, పగులుపై వెల్డింగు పెట్టుటయు నేటికి చౌకగా తోచవచ్చును. కాని కాల్చిన చోట ఉక్కు బలము తగ్గును. మరల విరుగునది నిండు బరువుతో రోడ్డుపై పోవునప్పుడే.

క్రొత్త ఇరుసు అమర్చుట

కొనుటకు ముందు కడ్డీ మందము, మొత్తము పొడవు, రెండు కమాను పట్టీల నడుమ దూరము, బేరింగులపై ముద్రించిన నంబర్లు వ్రాసికొనవలెను. పనివాడు సమతల నేలపై ట్రాక్టరు బ్రేకు బిగించి, ఎత్తిన చట్రము క్రింద దృఢమైన దిమ్మెలు పెట్టవలెను. జాకీని మాత్రమే నమ్మి ట్రాలీ క్రింద దూరరాదు.

యూ బోల్టులు క్రొత్తవి వాడి, అన్ని నట్టులను కొంచెము కొంచెముగా సమముగా బిగింపవలెను. పిమ్మట త్రాడు కొలత మరల చూడవలెను. బేరింగులలో గ్రీజు నిండుగా దట్టించి, చక్రమును త్రిప్పుచు నట్టు బిగించి, తరువాత కొంచెము వదలవలెను. చక్రము ధారాళముగా తిరుగవలెను, ఊగరాదు. నట్టుకు క్రొత్త పిన్నే వేయవలెను. మేకు, తీగె పనికిరావు. మొదట ఖాళీగా కొంత దూరము నడిపి హబ్బులు తాకి చూచి, చక్రపు నట్టులు, యూ బోల్టులు మరల బిగింపవలెను.

సభ్యుల కర్తవ్యము

గ్రీజు పెట్టిన తేదీని, బేరింగులు మార్చిన తేదీని లాగు పుస్తకములో వ్రాయించుడు. మరమ్మతు బిల్లుతోపాటు పాత భాగములను పంచాయతీకి తెప్పించి చూడుడు. టైర్ల కొనుగోలు తీర్మానము వచ్చినప్పుడు, “పాతవి ఏ అంచున అరిగినవి?” అని ఒక్క ప్రశ్న అడుగుడు. ఆ ఒక్క ప్రశ్న ప్రజల సొమ్మును కాపాడును. వేసవిలో ట్యాంకరు దారిలో నిలిచిపోకుండ చేయును.