జీవజలము, తొట్టి: యిర్మీయా గ్రంథమందలి యొక వాక్యమున హెబ్రీ పదముల యర్థవిచారము

యిర్మీయా ప్రవక్త గ్రంథమునందలి 2వ అధ్యాయము 13వ వాక్యము క్రైస్తవ దేవాలయములలోనే గాక, సర్వమతసారమును గ్రహింపగోరు సభలలోను తరచుగ నుపన్యాసములకు విషయమగుచుండును. దాని తాత్పర్యమిది: ప్రజలు రెండు నేరములు చేసిరి, ఊటవంటివాడగు నీశ్వరుని విడిచిరి, తమకై గుంటలను తొలుచుకొనిరి, అవియు పగిలి నీరు పట్టజాలనివి. ఉపన్యాసకులు సాధారణముగ దీనిని లోకమును విడిచి దేవుని చేరుడను సామాన్యోపదేశముగ మార్చి ముగింతురు. అందలి మాటలను ఒక్కొక్కటిగ విప్పి చూచినచో, అచ్చట చెప్పబడినది అంతకంటె కఠినమైనదనియు, కర్నూలు కడప మెట్టసీమలవారికి అంతకంటె సుబోధమైనదనియు తేటపడును. హెబ్రీ భాష మనలో ననేకులకు పరిచితము కాదు గావున, ఆ పదములను తెలుగు లిపిలోనే వ్రాసి విచారించెదను.

ముందుగ సందర్భము. ఈ యధ్యాయము ప్రసంగమువలె కనబడినను దాని కట్టు న్యాయస్థానపు కట్టు. 9వ వాక్యమున వచ్చు ‘రీబ్’ అను ధాతువునకు వాదించుట, దావా తెచ్చుట యని యర్థము. మన తెలుగు బైబిలువారు అచ్చట ‘వ్యాజ్యెము’ అను మాటను వేయుట మిక్కిలి యుచితముగ నున్నది. 12వ వాక్యమున ఆకాశము సాక్షిగ పిలువబడును. వెంటనే అభియోగములు చదువబడును, అవి రెండు. ఈ సంఖ్య ఊరక పడినది కాదు. విడిచిపెట్టుట యొక నేరము, దానికి బదులు వేరొకదానిని కల్పించుకొనుట మరియొక నేరము. దాహముగొన్నవాడు ఊటను విడిచి యూరకుండలేడు. ఏదో యొక గుంటను ఆశ్రయించియే తీరును. రెండవది మొదటిదానినుండి పుట్టును గాని దానిలో లీనము కాదు.

మొదటి యభియోగమునందలి మాటలు ‘మాకోర్ మయిమ్ హయ్యీమ్’ అనునవి. ‘మాకోర్’ అనగా నీరు పుట్టు చోటు, ఊట. ‘మయిమ్’ అనగా నీరు. సంస్కృతమున ‘ఆపః’ అను మాటవలె నిదియు నెప్పుడును బహువచనరూపముననే యుండును. ‘హయ్యీమ్’ అనగా జీవముగలవి. మనవారు దీనిని ‘జీవజలము’ అనిరి. ఆ సమాసము చెవిని పడగానే మనస్సు అమృతమువైపును, తీర్థమువైపును పరుగిడును. విగ్రహవాక్యము చెప్పబోయినచో చిక్కు బయటపడును: జీవమునిచ్చు జలమా, జీవముగల జలమా? క్రీస్తునకు పూర్వమే గ్రీకు భాషలోనికి దీనిని మార్చినవారు జీవముయొక్క నీరని షష్ఠిగ త్రిప్పిరి. హెబ్రీలో నున్నది విశేషణము: బ్రదికియున్న నీరు. ఇది యోగుల పరిభాష కాదు. గొల్లల మాట, బావులు త్రవ్వువారి మాట. ఆదికాండము 26వ అధ్యాయమున ఇస్సాకు సేవకులకు లోయలో త్రవ్వగా దొరికినది ‘మయిమ్ హయ్యీమ్’ గల బావియే. అచ్చట మన యనువాదకులు జీవజలమనక, ‘జెలలు’ గల బావియని చక్కని తెలుగు వ్రాసిరి. లేవీయకాండము 14వ అధ్యాయమున శుద్ధివిధిలో అదే పదద్వయము వచ్చినప్పుడు ‘పారు నీరు’ అనిరి. ఒకే హెబ్రీ మాట గొల్లలకడ జెలయై, యాజకునికడ పారునీరై, ప్రవక్తనోట జీవజలమైనది. మూడును తప్పులు కావు. అయితే మూడవదానిలో నేలవాసన పోయినది.

జెల యన నేమో మెట్టసీమవారికి చెప్పనక్కరలేదు. వేసవిలో ఏటి యిసుకలో చెలమ తీసి, మొదటి కలకనీటిని తోడి పారవైచి, తేటనీరు ఊరువరకు చెంత కూర్చున్నవారికి నీటికి ప్రాణము కలదని వేరొకరు బోధింపవలసిన పని లేదు. కడపపట్టణమునుండి పారు వంకకు బుగ్గవంక యని పేరు. బుగ్గ యనగా నేలనుండి పొంగు ఊట. ఒకప్పుడు కర్నూలు మండలమునను, 2022 నుండి నంద్యాల జిల్లాలోను ఉన్న మహానందిని చూచినవారు ఎరుగుదురు: నల్లమల పాదమున పుట్టిన నీరు కోనేటిని నింపి, అచ్చట నిలిచిపోక పొలములకు సాగిపోవును. ఒకవైపున చేరుచు వేరొకవైపున పోవుచుండుటయే దాని తేటదనమునకు కారణము. ‘హయ్యీమ్’ అను విశేషణమునకు ఇంతకు మించిన టీకను నేనెరుగను.

ఇక రెండవ యభియోగమునందలి ముఖ్యపదము ‘బోర్’. నేడు మన రైతు బోరనునది ఇంగ్లీషు మాట; హెబ్రీ బోర్‌నకు అది చుట్టము కాదు. అర్థమును తలక్రిందులే. రైతు బోరు నేలలోని నీటిని పైకి తెచ్చును, హెబ్రీ బోర్ పైనుండి పడిన నీటిని నేలలో దాచును. యూదయ కొండసీమలో వర్షము చలికాలముననే కురియును. వేసవియంతయు ఆకాశము పొడిగ నుండును. అందుచే అచ్చటివారు సున్నపురాతిలో ఇరుకు మూతియు వెడల్పు కడుపును గల గోతిని తొలిచి, లోన సున్నము పూసి, ఇంటికప్పులనుండియు వాలునుండియు వచ్చు నీటిని అందులో చేర్చుకొనుచుండిరి. ఊటబావికి ‘బెఏర్’ అని వేరు మాట కలదు. ఈ రెండింటి వ్రాత సన్నిహితము. పైగా ఈ వాక్యమున బోర్ యొక్క బహువచనమగు ‘బోరోత్’ అను మాట ‘అలెఫ్’ అను నక్షరముతో వ్రాయబడియుండుటచే, అచ్చుగుర్తులు లేని ప్రతిలో చూచువానికి బావులని భ్రమ కలుగవచ్చును. సంప్రదాయపాఠము గుంటలనియే నిర్ణయించుచున్నది. గ్రీకు అనువాదమును దానినే బలపరచుచున్నది. సందర్భమును అదియే కోరును. ఏలయనగా నీరు పుట్టు చోటికిని, నీరు తెచ్చి చేర్చు చోటికిని గల భేదమే ఈ వాదమునకు ఆయువుపట్టు.

తెలుగు బైబిలున నీ బోర్ ‘తొట్టి’ యైనది. తొట్టి యనగా పశువులు నీరు త్రాగుటకు నేలపై కట్టినది, ఎవరో తోడి నింపవలసినది. ఈ మాటవలన పోయినది చిన్న యర్థము కాదు. తొట్టి పగిలిన నీరు తక్షణమే కంటికి కనబడును. బోర్ పగిలిన నీరు గుట్టుగ భూమిలో నింకిపోవును; వేసవిలో చేద వేసి వట్టి చేద పైకి వచ్చినప్పుడు గాని యజమానుడు తన నష్టము నెరుగడు. అంతవరకు తన యింట నీరు కలదని నమ్మియే యుండును. ప్రవక్త మాటలోని వాడి యంతయు ఈ యాలస్యజ్ఞానమున నున్నది. మన సీమలో కొండబండలమీద వాననీరు నిలుచు పల్లమును దొన యందురు. అది ప్రకృతిసిద్ధము, బోర్ మనుష్యకృతము. అయినను ‘తొలిచిన దొన’ యనినచో మూలమునకు తొట్టికంటె చాల చేరువ యగును. అచ్చునకెక్కిన తెలుగు బైబిలు పనికి 1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషనువారగు క్రాన్, డే గ్రాంజి యనువారు నాంది పలికిరి; సంపూర్ణగ్రంథము 1854లో మదరాసున వెలువడినది. ఆ పని గండికోట బండలమీద జరిగియుండినచో వేరు మాట దొరకెడిదేమో యని నాకు తోచును.

‘హాత్సబ్’ అను క్రియ మట్టిని త్రవ్వుటకు కాక, రాతిని ఉలితో తొలుచుటకు చెల్లును. యెషయా 22వ అధ్యాయమున సమాధిని తొలిపించుకొనుటకును నిదే క్రియ. కావున నిందింపబడినవారు సోమరులు కారు; ఊరక లభించుదానిని విడిచి, చెమటయోడ్చి చెడినవారు. ‘నిష్బారీమ్’ అనగా పగిలినవి. 51వ కీర్తనలో విరిగిన హృదయమునకు నిదే ధాతువు. హృదయము పగులుట అచ్చట గుణము, గుంట పగులుట ఇచ్చట దోషము. ‘లో యాఖీలు’ అనగా పట్టజాలవు, ఇముడ్చుకొనజాలవు. ఈ ‘కూల్’ ధాతువు మరియొక గొప్ప సందర్భమున వచ్చును. రాజుల మొదటి గ్రంథము 8వ అధ్యాయమున సొలొమోను తాను కట్టించిన దేవాలయమును ప్రతిష్ఠించుచు, ఆకాశ మహాకాశములే పట్టజాలని వానిని ఈ మందిర మెట్లు పట్టగలదని యడుగును. అచ్చటి పట్టుటయు, ఇచ్చటి పట్టుటయు ఒకే ధాతువు. విగ్రహారాధనను గూర్చి వాదించు ఉభయపక్షములవారును ఈ రెండు వాక్యములను ప్రక్కప్రక్కన నుంచి చదువుట మంచిది.

దీనినిబట్టి నీరు నిలువచేయు విద్యనే ప్రవక్త దూషించెనని తలపరాదు. లేవీయకాండము 11వ అధ్యాయము ఊటను, బోర్‌ను రెండింటిని శుద్ధములుగనే యెంచినది. ఇచ్చట మన కడప మండలపు సాక్ష్యమును తెచ్చుట అప్రస్తుతము కాదు. పోరుమామిళ్ల చెరువును 1369లో బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల పని యని శాసనము చెప్పుచున్నది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, రాకూడని ఆరు దోషములను అది లెక్కించును. ఆ దోషములలో మొదట చెప్పబడినది కట్టనుండి నీరు కారుట! హెబ్రీ ప్రవక్తకును, ఈ సంస్కృత శాసనకర్తకును ఇంచుమించు రెండువేల యేండ్ల దూరము. అయినను నీటి కరవెరిగినవారికి పగులే మొదటి దోషమైనది.

మిగిలినది ‘లాహెమ్’ అను చిన్న మాట. ‘తమకొరకు’ అని దాని యర్థము. ప్రవక్త కాలమున, అనగా క్రీస్తునకు పూర్వము 7వ శతాబ్దపు తుదియందును 6వ శతాబ్దపు మొదటను, ఈ గుంటలు ఇతర దేవతల కొలువులు, ఐగుప్తు అష్షూరు రాజుల స్నేహములు. 18వ వాక్యమున నైలునది నీటికిని యూఫ్రటీసు నీటికిని పోవుట యేలయని ఆయనయే విప్పి యడిగెను. పదమున నింతకు మించిన యర్థము కలదని సాధింపబూనుట పాండిత్యము కాదు. కాని పదము వేరు, దానిని విను చెవి వేరు. మన సీమలో జమ్మలమడుగు, నంద్యాల, కలసపాడు ప్రాంతములయందు ఈ గ్రంథమును చేతబట్టినవారిలో అధికసంఖ్యాకులు మాలమాదిగలు. ఊరిబావి గట్టెక్కరాక, దోసిలి పట్టి, పైనుండి ఎవరైన దయదలచి పోయువరకు నిలిచిన కుటుంబములవారు. ‘తమకొరకు’ తొలుచుకొనిన గుంట యన నేమో వారికి భాష్యకారుడు చెప్పవలసిన పని లేకపోయెను.

మన ధర్మశాస్త్రములందలి తటాకోత్సర్గవిధి ఈ ‘లాహెమ్’నకు సరిగ నెదురు నిలుచును. చెరువు కట్టించినవాడు దాని నీటిని సర్వభూతములకును విడుచును. విడిచినపిదప వానికి స్వత్వము లేదు, అందరిలో నొకడుగ మాత్రమే త్రాగవలయును. సర్వభూతములకని మంత్రము పలికించి, ఆ గట్టుననే కొందరు మనుష్యులను దిగనీయకపోవుట ఏ స్మృతికి సమ్మతమో నాకు తెలియదు. పశువులు భూతములలో చేరి, మనుష్యులు చేరకపోయిరి! ఈ వైకల్యమును మాన్పుటకు మదరాసు శాసనసభ 1938లో పౌర వైకల్యముల నివారణ చట్టమును చేయవలసివచ్చెను. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము 15వ అధికరణమున బావులను, చెరువులను, స్నానఘట్టములను పేరుపేరున చెప్పినది. ఒక దేశపు మూలశాసనమున బావి యను మాట యేల యెక్కవలసివచ్చెనో విదేశీయులు అడిగినచో సమాధానము చెప్పుట మనకు సులభము కాదు.

బోర్‌ను గూర్చి మరియొక మాట కలదు. ఆదికాండము 37వ అధ్యాయమున అన్నలు యోసేపును పడద్రోసినది బోర్. తెలుగున నది ‘గుంట’. యిర్మీయా 38వ అధ్యాయమున యెరూషలేము ముట్టడి దినములలో అధిపతులు ప్రవక్తను త్రాళ్లతో దింపినదియు బోర్. తెలుగున నది ‘గొయ్యి’. అందులో నీరు లేదు, బురద మాత్రమే యుండెనని గ్రంథము చెప్పుచున్నది. ఒకచోట తొట్టి, ఒకచోట గుంట, ఒకచోట గొయ్యి యగుటచే తెలుగు పాఠకునికి కనబడకపోయిన దేమనగా, నీరు నిలువని బోర్‌ను గూర్చి నగరమునకు చెప్పిన మనుష్యుడే తుదకు నీరు లేని బోర్ అడుగున బురదలో దిగబడెను. మూడు చోట్లను ఒకే మాట యుండినచో పిల్లలకు సైత మిది తెలిసియుండును.

ఆయనను పైకి తీసినవాడు యూదుడు కాడు. ఎబెద్మెలెకు అను కూషుదేశీయుడు, రాజగృహమున నపుంసక సేవకుడు. ‘ఎబెద్’ అనగా దాసుడు, ‘మెలెఖ్’ అనగా రాజు. ఆ పేరునకు రాజదాసుడనియే యర్థము. అతడు రాజును వేడి ముప్పదిమందిని వెంటగొని, ఖజానా క్రింది గదిలో పారవేసియున్న చింకిపాతలను ఏరి, త్రాళ్లతో లోనికి దింపి, చంకలకు త్రాడు కోసుకొనకుండ ఆ పాతలను అడుగున పెట్టుకొమ్మని చెప్పి, అటుపిమ్మట లాగించెను.