జోడు విడదీయకండి
(ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: మాది పరిటాల. విజయవాడ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అమ్మాయికి, జంతువులను కాపాడేవాళ్ల దగ్గర రెండు గినీ పిగ్స్ కనబడ్డాయట. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అట్టపెట్టెలో పెట్టి వదిలేసి పోయారట. రెండూ మగవే, రెండేళ్ల వయసు. ఇస్తే రెండూ ఇస్తాం, ఒక్కదాన్ని ఇవ్వం అంటున్నారు. మాకు ఒకటి చాలు. ఊరికే ఇచ్చేదానికి ఈ షరతేమిటండీ?

జవాబు: ఆ షరతు పెట్టినవాళ్లకు దండం పెట్టాలమ్మా. మీ ఊళ్లో సేద్యం చేసిన పెద్దవాళ్లను అడగండి. జోడెద్దుల్లో ఒకదాన్ని సంతకు తోలితే రెండోది ఏం చేసేదో చెబుతారు. గాడి దగ్గర నిలబడి అరిచేది, మేత ముట్టేది కాదు. ఇవీ అంతే. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో వేల ఏళ్ల కిందట మచ్చికైన జాతి. గుంపులో బతకడం వీటి నైజం. ఒంటరిగా పెంచకూడదని స్విట్జర్లాండ్ 2008లో చట్టమే చేసింది.

మా ఇంట్లో రెండుండేవి. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, కొత్తిమీర వస్తుందని రెండూ 'వీక్ వీక్' అని ఇల్లు ఎగరగొట్టేవి. ఒకటి పోయిన రోజున రెండోది దాని మెడ కింద ముక్కు ఆనించి చాలాసేపు అలాగే కూర్చుంది. మర్నాడు ఫ్రిజ్ తీసినా అరుపు లేదు. కొత్తిమీర రెమ్మ మూతి దగ్గర పెడితే తల పక్కకు తిప్పుకుంది. ఈ ప్రాణులు ఒక పూట తినకపోయినా పేగుల కదలిక మందగిస్తుంది, అది ప్రాణం మీదికి వస్తుంది. మేత పొడి తడిపి సిరంజితో నోట్లో పెట్టి నిలబెట్టుకున్నాం. తోడు పోవడమంటే ఏమిటో ఆ రెండు రోజుల్లో కళ్లారా చూశాను.

పైగా రెండు మగవి కలిసి ఉండటం అన్నిసార్లూ కుదరదు. ఇప్పటికే కుదిరిన జోడు దొరుకుతోంది మీకు. ఇప్పుడు విడదీసి, రేపు ఇంకోదాన్ని తెచ్చి కలపబోతే కొట్లాటలు తప్పకపోవచ్చు. ఖర్చు కూడా రెట్టింపేమీ కాదు. ఇల్లు ఒకటే, చాకిరీ ఒకటే, మేతే ఇంకో గుప్పెడు. దాక్కునే గూళ్లు, నీళ్ల సీసాలు, మేత గిన్నెలు మాత్రం రెండేసి పెట్టండి.

నా భయమల్లా మీ ఎండల గురించి. మే నెలలో నందిగామ, జగ్గయ్యపేట వైపు 45 డిగ్రీలు దాటడం మీకు కొత్త కాదు. వీటికి 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయి, 30 దగ్గర పడితే వడదెబ్బ భయం. చెమట పట్టని ఒళ్లు కాబట్టి ఫ్యాను గాలి ఒక్కటే చాలదు. రేకుల షెడ్డు, డాబా మీద గది, వరండా మూడూ వద్దు. నడిమింట్లో, కూలరున్న గదిలో నేల మీదే ఉంచండి. పాత మట్టికుండను పక్కకు దొర్లించి పెడితే చల్లటి గూడు అవుతుంది. కరెంటు పోయినప్పుడు పనికొచ్చేలా గడ్డకట్టించిన నీళ్ల సీసాలు రెండు సిద్ధంగా పెట్టుకుని, తువ్వాలు చుట్టి పక్కన ఉంచండి. ఇది చేయలేమనుకుంటే తీసుకోకండి, తప్పేమీ లేదు. ఇంకో మాట. వీటి ఆయుష్షు 5 నుంచి 8 ఏళ్లు. అమ్మాయి చదువైపోయి ఉద్యోగానికి వెళ్లాక చూసుకోవాల్సింది మీరే.

ప్రశ్న: మాకు పొలం ఉంది. గట్ల మీద గడ్డి కోసి వేస్తే సరిపోదా?

జవాబు: గరిక అయితే భేషుగ్గా. వీటి పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. రోజంతా ముందు గడ్డి ఉండాల్సిందే. కానీ పత్తి, మిరప చేల గట్ల మీద కోయకండి, అక్కడ మందు కొడుతూనే ఉంటారు. లేత జొన్న అసలే వద్దు. పశువులకు నాము ఎక్కేది దానివల్లేనని మీకు తెలిసిందే కదా. వరిగడ్డిలో సారం లేదు.

మనలాగే వీటి ఒంట్లోనూ విటమిన్ సి తయారు కాదు. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు అందాలి, లేకపోతే కీళ్లు వాచి కుంటుతాయి. కాప్సికం ముక్క, కొత్తిమీర రోజూ పెట్టండి. జామపండు తీపి కాబట్టి వేలెడు ముక్క, అప్పుడప్పుడు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప పెట్టకండి. ప్రతి ఆదివారం వంటింటి తూకం మీద తూచి, బరువు క్యాలెండర్ మీద రాసుకోండి. జబ్బు ముందు అక్కడే బయటపడుతుంది.

ప్రశ్న: రెండూ మగవే అన్న మాట నమ్మొచ్చా?

జవాబు: డాక్టరుకు చూపించాకే నమ్మండి. ఇందులో పొరపాటు పడటం చాలా మామూలు. ఒకటి ఆడదైతే 59 నుంచి 72 రోజుల్లో, కళ్లు తెరిచి బొచ్చుతో పుట్టిన పిల్లలు ఇంట్లో తిరుగుతుంటాయి. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, ముందుగా ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. ఎక్కడ చూపించినా సరే, పెన్సిలిన్ జాతి మందులు వీటికి నోటి ద్వారా ఇస్తే ప్రమాదమన్న సంగతి మీరే గుర్తు చేయండి. కుక్కకో పిల్లికో రాసిన మందు మిగిలిందని అసలే వేయకండి.

జబ్బు ఒక్కదానికే చేసినా రెండింటినీ ఒకే పెట్టెలో తీసుకెళ్లండి. హైవే మీద లారీల హోరుకు బెదిరినప్పుడు ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుంటాయి. ఎండెక్కక ముందే బయల్దేరండి.