ఇంటి ఖర్చు ఎక్కడ పెరుగుతుంది?

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. స్లాబు పడక, ఊచలు తుప్పు పట్టి, ఏళ్ల తరబడి ఆగిపోయిన ఇళ్లు మన కాలనీల్లో ఎన్నో ఉన్నాయి. అలా ఆగిన ఇంటి అప్పు చివరకు పిల్లల చదువు మీద పడుతుంది. కాబట్టి విద్యార్థి మిత్రులకు ఈ విషయం తెలిసి ఉండటం అవసరం.

ఇల్లు ఎందుకు ఆగిందని అడిగితే "రేట్లు పెరిగాయి" అంటారు. అది నిజమే. అయితే రేట్లు మన చేతిలో ఉండవు. సిమెంటుపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి 2025 సెప్టెంబరు 22న తగ్గింది. అది కూడా మనం తగ్గించుకున్నది కాదు. మన చేతిలో ఉన్న అంశాలు వేరే ఉన్నాయి. వాటిలో చాలావరకు ముగ్గు పోయకముందే తేలిపోతాయి.

1. నేల, మెరక

సంగం జాగర్లమూడి, తెనాలి పరిసరాలు కృష్ణా పశ్చిమ డెల్టాలోనివి. చాలాచోట్ల నల్లరేగడి భూమి. ఇది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. పునాది పైపైన వేస్తే గోడలు బీటలు వారతాయి. అందుకే లోతుగా తవ్వడం, ప్లింత్ బీము వేయడం తప్పనిసరి ఖర్చులు. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, అడుగుభాగం గడ్డలాగా వెడల్పయ్యే 'అండర్ రీమ్డ్ పైల్' పునాదిని రూపొందించింది.

ఇక పల్లపు స్థలం సంగతి. ఒక సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. 3 సెంట్లను 2 అడుగులు మెరక చేయాలంటే సుమారు 2,613 ఘనపుటడుగుల మట్టి కావాలి. ట్రక్కుకు 100 ఘనపుటడుగులు పడుతుందనుకుంటే 26 ట్రక్కులు. మట్టి కుంగుతుంది కనుక ఇంకా ఎక్కువే పడుతుంది. చవకగా వచ్చిన స్థలం చివరికి చవక కాకపోవచ్చు.

2. ఇంటి ఆకారం

20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న ఇల్లు 400 చదరపు అడుగులు. 40 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్నదీ 400 చదరపు అడుగులే. కాని మొదటి దానికి బయటి గోడ 80 అడుగులు, రెండో దానికి 100 అడుగులు. అంటే పునాది, ఇటుక, ప్లాస్టరింగు, రంగు అన్నీ బయటి గోడ వరకు నాలుగో వంతు పెరిగాయి. వంపులు, మూలలు పెరిగినకొద్దీ ఖర్చూ పెరుగుతుంది.

కేరళలో పనిచేసిన ఆర్కిటెక్టు లారీ బేకర్ (1917–2007) వాడుకలోకి తెచ్చిన 'ర్యాట్ ట్రాప్ బాండ్' పద్ధతిలో ఇటుకలను నిలువుగా పేర్చి, మధ్యలో ఖాళీ వదులుతారు. తొమ్మిది అంగుళాల గోడలో ఇటుకలు సుమారు నాలుగో వంతు కలిసివస్తాయి. అయితే ఆ పని తెలిసిన తాపీ మేస్త్రి దొరకాలి.

3. వైశాల్యం, ప్రభుత్వ సాయం

2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకంలో ఇంటి కనీస వైశాల్యం వంటగదితో కలిపి 25 చదరపు మీటర్లు, అనగా 269 చదరపు అడుగులు. మైదాన ప్రాంతంలో కేంద్ర పథకం సాయం 1.20 లక్షల రూపాయలు. 500 అడుగుల ఇల్లు కట్టినా సాయం అంతే. సాయం ఇంటికి ఇస్తారు, అడుగులకు కాదు. తమ ఊరికి గ్రామీణ పథకం వర్తిస్తుందో, పట్టణ పథకమో గృహనిర్మాణ శాఖ ఏఈని ముందే అడగాలి.

"ఇంకొక్క గది" అనుకున్నప్పుడు ఈ లెక్క చూడండి. 100 చదరపు అడుగుల గదికి 5 అంగుళాల మందంతో 1:1½:3 పాళ్లలో స్లాబు వేస్తే దానికే తొమ్మిదిన్నర బస్తాల సిమెంటు కావాలి. పునాది, గోడలు, ఇనుము వేరు.

4. సామగ్రి వచ్చే దూరం

ఇటుక మనకు కొల్లూరు వైపు బట్టీల నుంచి దగ్గరే. కాని డెల్టాలో కొండలు లేవు కనుక కంకర పేరేచర్ల వైపు క్వారీల నుంచి రావాలి. ఇసుక 2024 జులై నుంచి ఉచిత విధానంలో ఉన్నా తవ్వకం, ఎగుమతి, లారీ కిరాయి మనమే భరించాలి. 2019లో ఇసుక కొరత వచ్చినప్పుడు నిర్మాణాలు ఆగి, ఎందరో కూలీలకు పనులు లేకుండా పోయాయి. రేవులు తెరిచి ఉన్నప్పుడే ఇసుక తోలించుకోవడం మంచిది.

5. కాలం, వడ్డీ

చాలామంది లెక్కలో వేసుకోని ఖర్చు ఇదే. నూటికి 2 రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. లక్ష రూపాయలు తెచ్చి, పని 8 నెలలు ఆగితే 16,000 రూపాయలు వడ్డీకే పోతాయి. ఆ డబ్బుతో ఒక్క ఇటుక కూడా పెరగదు. ప్రభుత్వ సాయం పని దశలను బట్టి విడతలుగా వస్తుంది. కాబట్టి తర్వాతి దశకు చేతిలో ఎంత ఉందో చూసుకుని అప్పు చేయాలి.

6. మార్పులు

కట్టిన గోడ పగలగొట్టి తలుపు జరిపితే ఆ గోడకు మూడుసార్లు కూలి ఇచ్చినట్లే: కట్టినందుకు, కూల్చినందుకు, మళ్లీ కట్టినందుకు. ప్లాను కాగితం మీద ఉండగా మార్పుకు అయ్యే ఖర్చు ఒక రబ్బరు ముక్క.

ఎక్కడ తగ్గించకూడదు?

పునాది లోతు, స్లాబు ఇనుము, సిమెంటు పాళ్లు, క్యూరింగు. ఈ నాలుగింటిలో పొదుపు పనికిరాదు. బాపట్ల, రేపల్లె తీరం వైపు వారు చవకని ఉప్పు ఇసుక వాడితే లోపలి ఊచలు తుప్పు పట్టి స్లాబు పెచ్చులూడుతుంది. తగ్గించుకోవలసినవి అలంకారాలు, అదనపు గది, టైల్సు. వాటిని తర్వాతైనా చేసుకోవచ్చు, పునాదిని తర్వాత వేయలేం.

మిత్రులారా! లెక్కల పుస్తకంలోని చుట్టుకొలత, వైశాల్యం, ఘనపరిమాణం, బారువడ్డీ పాఠాలే పైన వాడినవి. సెలవులకు వెళ్లినప్పుడు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇల్లు కట్టే ఆలోచన ఉంటే ఒక తెల్లకాగితం తీసుకుని పెద్దలతో కూర్చుని ఈ లెక్క వేయండి. మనం నేర్చిన నాలుగు లెక్కలు ఒక కుటుంబాన్ని అప్పు నుంచి కాపాడితే చదువుకు అంతకన్నా సార్థకత ఏముంటుంది?