గాలపు ముడి

ముడి మనకు క్రొత్త కాదు. పెండ్లికి మూడుముళ్లు, మ్రొక్కుకు ముడుపు, మాటలలో చిక్కుముడి ఉండనే ఉన్నాయి. ఉర్దూ విద్యార్థులు 'గిరహ్' అనే మాటను ఎరుగుదురు. ఏటేటా దారానికొక ముడి వేసి వయస్సు లెక్కించిన ఆచారం వల్లనే పుట్టినరోజుకు 'సాల్‌గిరహ్' అని పేరు వచ్చింది. ఇన్ని ముళ్ల నడుమ పెరిగియు, నేను గాలానికి ముడి వేయడం మాత్రం ముప్పయ్యేళ్లు దాటిన పిమ్మట నేర్చుకొన్నాను. అదియును ఒక చేపను పోగొట్టుకొని.

ఒక సెలవుదినాన సాగర్ కుడికాలువ గట్టున కూర్చున్నాము. మిరపకాయల బస్తా మూతికి వేసే రెండు పేటల ముడినే నైలాన్ దారానికి వేసి గాలం విసిరాను. చేప లాగింది, దారం ఉత్తిగా తిరిగి వచ్చింది. దారం తెగినదని నేను విచారిస్తుండగా, ప్రక్కనున్న విద్యార్థి ఆ కొసను పరిశీలించి, "తెగలేదు సార్, ముడి జారింది" అన్నాడు. తెగిన దారం కొస మొండిగా ఉంటుంది. ముడి జారిన దారం కొస మెలి తిరిగి ఉంటుంది. నాకు వచ్చినది మెలి తిరిగిన కొస. చీరాల నేతపనివారి బిడ్డ అతడు. తరగతిలో సంధి సూత్రాలు అప్పగించలేడని నేను పలుమార్లు మందలించినవాడు.

లోపం ముడిది కాదు, దారానిది. నూలుపోగు గరుకైనది, దాని నూగు ఒకదానినొకటి పట్టుకొంటుంది. 1935లో అమెరికాలో డ్యూపాంట్ పరిశోధనశాలలో కెరోథర్స్ బృందం రూపొందించిన నైలాన్ నునుపైనది. నునుపైన దారానికి చుట్లు హెచ్చుగా కావాలి. చుట్టు చుట్టుకూ పట్టు కూడికగా గాక గుణకారంగా పెరుగుతుందని 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ నిరూపించాడు. గుంజకు నాలుగు చుట్లు వేసి ఒక్క మనిషి ఓడను నిలపగలగడంలోని రహస్యమిదే.

ఇక కట్టే విధానం. దారాన్ని గాలపు చెవిలో జానెడు దూర్చి, ఆ కొసను అసలు దారం చుట్టూ ఐదుసార్లు త్రిప్పవలెను. చెవిని ఆనుకొని ఏర్పడిన చిన్న సందులో కొసను దూర్చవలెను. అట్లు దూర్చగా ప్రక్కన పెద్ద ఉచ్చు ఏర్పడుతుంది. కొసను మరల దానిలోనుండి తీయవలెను. ఇప్పుడు తొందరపడరాదు. ముడిని తడిపి, అసలు దారాన్ని మెల్లగా లాగవలెను. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ బలం తగ్గుతుంది. చుట్లు ఒకదాని ప్రక్క నొకటి కూర్చోవలెను. ఒకదానిపై నొకటి ఎక్కితే ఆ ముడి పనికిరాదు. కొసను బియ్యపుగింజంత ఉంచి కత్తిరించవలెను. మొదట గాలంతో గాక, లావుపాటి పురికొసతోను, తాళంచెవితోను అభ్యసించడం వ్రేళ్లకు క్షేమం.

రెండు దారాలను కలిపే ముడి వేరు. మగ్గంపై తెగిన పోగును నేతగాడు కలిపే ముడి, వల కన్నులు అల్లే జాలరి ముడి ఆకృతిలో ఒక్కటే. చీరాలకు ఓడరేవు కొద్ది మైళ్లే. 2022 నుండి రెండూ బాపట్ల జిల్లాలోనివి, అంతకుముందు ప్రకాశంలోనివి. మగ్గం ముందరివాడు, పడవ మీదివాడు ఒకే ముడి వేస్తూ ఒకరినొకరు ఎరుగకపోవచ్చు! నైలాన్ వలలకు ఈ ముడిలోనే మరొక చుట్టు చేరుస్తారు. ఇంగ్లండు సెలయేళ్లలో ఈకలు చుట్టిన గాలాన్ని ఈగవలె నీటిపై వాలనిచ్చే వేటగాళ్లు సన్నని దారాన్ని మరింత సన్నని దారానికి కలుపుటకు ఇరువైపులా ఐదేసి చుట్లు వేసి, కొసలను నడిమి సందులో ఎదురెదురుగా దూరుస్తారు. వెనుక వారి దారాలు గుర్రపు వెంట్రుకలు.

కోసివేసిన నైలాన్ ముక్కలను గట్టున వదలరాదు. అవి చివికిపోవు, కొంగల కాళ్లకు చుట్టుకొంటాయి. ఆనాడు నేను కోసిన ముక్కలతో జేబు నిండింది. పదవ ముడిని మా విద్యార్థి గోటితో నొక్కి చూచి, "మూడో చుట్టు ఎక్కింది సార్" అని విప్పి, దారాన్ని మరల నా చేతికిచ్చాడు.