కాలివ్రేళ్ల వ్యాధులు: సకాల చికిత్స, పంచాయతీల బాధ్యత

కృష్ణా డెల్టాలోని వ్యవసాయ కుటుంబములకు కాళ్ల బలమే జీవనాధారము. నారు తీసినను, నాట్లు వేసినను, చేపల చెరువు గట్టున మేత బస్తాలు మోసినను, పాదము నీటిలోనో బురదలోనో ఉండక తప్పదు. ముదినేపల్లి, గుడివాడ, కైకలూరు ప్రాంతముల వారికి ఈ సంగతి క్రొత్త కాదు. అయినను కాలివ్రేలికి వచ్చిన బాధను వ్యాధిగా ఎంచువారు అరుదు. “వ్రేలే గదా” అని ఉపేక్షించిన పుండు కొలది వారములలో పాదమునకును, అచటినుండి కాలికిని ప్రాకి, ఇల్లు నడపు మనిషిని మంచము పట్టించుచున్నది. ఈ నష్టములో అధికభాగము నివారింపదగినదే. అందు గ్రామ పంచాయతీలు చేయదగిన పని ఏమో ఈ పాఠములో తెలుపుచున్నాము.

సామాన్యముగా కనిపించు వ్యాధులు

వ్రేళ్ల నడుమ ఒరయుట: ఎక్కువసేపు నీటిలో నానిన చర్మము తెల్లబడి, మెత్తనై చీలును. అందు బూజుజాతి క్రిములు చేరి దురదను, దుర్వాసనను కలిగించును. బోదకాలు గలవారికి ఈ చీలికలే సూక్ష్మజీవులు చొచ్చు ద్వారములు. వారికి మాటిమాటికి జ్వరము వచ్చి కాలివాపు హెచ్చుటకు ఇది ముఖ్యకారణము. పని ముగియగానే మంచినీటితోను సబ్బుతోను కాళ్లు కడుగుకొని, వ్రేళ్ల సందులను పొడిగుడ్డతో ఒత్తి తుడుచుకొనవలెను. అప్పటికిని మానకున్నచో వైద్యుని అడిగి పూతమందు వాడవలెను.

గోరు కండలోనికి దిగుట: ఇది తరచు బొటనవ్రేలికి వచ్చును. గోటి మూలలను లోతుగా కత్తిరించుట, బిగువైన బూట్లు తొడుగుట ఇందులకు కారణములు. గోటిని అడ్డముగా, తిన్నగా కత్తిరించుకొనుట నివారణమార్గము. చీము పట్టి, మాటిమాటికి తిరుగబెట్టుచున్నచో చిన్న శస్త్రచికిత్స అవసరమగును. వైద్యుడు వ్రేలికి మాత్రమే మత్తుసూది ఇచ్చి, గోటి అంచును తీసివేసి, అది మరల పెరుగకుండ మూలమున మందు అద్దును. రోగి సాధారణముగా ఆనాడే ఇల్లు చేరవచ్చును.

ఆనెలు: ఒకేచోట ఒత్తిడి పడుటచే చర్మము గట్టిపడి ఆనెయగును. దానిని బ్లేడుతో కోయుట, ఘాటైన మందుపట్టీలు అంటించుట ప్రమాదకరము. చెప్పును మార్చి ఒత్తిడిని తగ్గించనిదే ఆనె మరల మరల వచ్చును.

వంకర వ్రేళ్లు: వ్రేళ్లు ఒకదానిపై ఒకటి ఎక్కుట, గోళ్లవలె వంగుట, బొటనవ్రేలి మొదట ఎముక పొడుచుకొని వచ్చుట మున్నగునవి ఎముకల వైద్యునికి చూపదగినవి. నొప్పి లేనిచో వెడల్పైన చెప్పు చాలవచ్చును. నడక చెడినచో శస్త్రచికిత్స యోచింపవలెను.

స్పర్శ తప్పిన పాదము

నొప్పి శత్రువని మనము తలంతుము. కాని పాదమునకు అదియే కావలివాడు. ముల్లు గ్రుచ్చుకొన్నను, చెప్పు కరచినను నొప్పియే హెచ్చరించును. మధుమేహము, కుష్ఠువ్యాధి ఈ కావలిని తొలగించును.

2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారము మన దేశమున సుమారు 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహ రోగులు కలరు. అనేక సంవత్సరములు రక్తమున చక్కెర హెచ్చుగా ఉన్నచో పాదముల నరములు మొద్దుబారును, రక్తనాళములు ఇరుకగును. అప్పుడు గాయము తెలియదు, తగిలిన గాయము మానదు. మధుమేహముచే కాలు తీసివేయవలసి వచ్చినవారిలో నూటికి సుమారు 85 మందికి మొదట వచ్చినది మానని పుండేయని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. పుండు నాడే చికిత్స జరిగిన ఎన్ని కాళ్లు నిలుచునో దీనినిబట్టి ఊహింపవచ్చును.

కుష్ఠువ్యాధిలో వ్రేళ్లు వాటంతట అవి కుళ్లి రాలునని పూర్వము జనులు నమ్మిరి. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, స్పర్శలేని వ్రేళ్లకు తెలియక తగులు దెబ్బలు, కాల్పులు, వాటివెంట చేరు చీముక్రిములే ఆ నష్టమునకు ముఖ్యకారణమని చూపెను. నరములు, స్నాయువుల శస్త్రచికిత్సచే వంగిన వ్రేళ్లను సరిచేయు మార్గమును ఆయన, ఆయన సహచరులు అచట పెంపొందించిరి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సతో కుష్ఠువు నయమగుచున్నది. ఈ మందులను మన ప్రభుత్వ ఆస్పత్రులలో ఉచితముగా ఇచ్చెదరు. స్పర్శ తప్పినవారికి మెత్తని రబ్బరు అట్టగల ప్రత్యేక పాదరక్షలు కూడ జాతీయ కార్యక్రమము క్రింద లభించును.

పొగాకు సంగతి కూడ చెప్పవలసియున్నది. చుట్ట, బీడీ, సిగరెట్టు త్రాగువారిలో కొందరికి కాలి రక్తనాళములు మూసుకొనిపోయి, నడువగానే పిక్కలు పట్టుకొనును. పిదప వ్రేళ్లు నల్లబడును. 1908లో బ్యూర్గర్ అను వైద్యుడు వివరించిన వ్యాధి ఇట్టిదే. పొగాకు పూర్తిగా మాననిదే ఏ శస్త్రచికిత్సయు ఇందు నిలువదు.

ఆలస్యము చేయరాని లక్షణములు

వ్రేలు నల్లబడుట, చల్లబడుట, చీము, దుర్వాసన, వాపు లేక ఎరుపు పైకి ప్రాకుట, పుండుతో జ్వరము, మధుమేహ రోగి పాదమున ఎంత చిన్న పుండైనను కనబడుట: వీనిలో ఏ ఒక్కటి ఉన్నను ఆనాడే వైద్యునికి చూపవలెను. వ్రేలు వాచుచున్నప్పుడు స్త్రీలు మెట్టెలను వెంటనే తీసివేయవలెను. లేనిచో అవి బిగిసి రక్తప్రసారమును ఆపును. మొద్దుబారిన కాలికి వేడినీటి కాపడము పెట్టుట, పుండుపై ఆకుపసరులు, సున్నము పూయుట ఎన్నటికిని కూడదు.

పాదచికిత్సకే ప్రత్యేకించిన వైద్యవృత్తి ఇంగ్లండు, అమెరికా దేశములలో కలదు. మనకు అట్టివారు బహుస్వల్పము. ఇచట జనరల్ సర్జను, ఎముకల వైద్యుడు, మధుమేహ వైద్యుడు ఆ పనిని పంచుకొందురు. మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకును, అవసరమైనచో గుడివాడ ఏరియా ఆస్పత్రికిని పోవలెను. 2022లో ముదినేపల్లి మండలము ఏలూరు జిల్లాలో చేరినది. 2023లో ఏలూరులోను, మచిలీపట్నములోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమైనవి. 2005లో ఆరంభమైన 108 వాహనమును అత్యవసరమున ఉచితముగా పిలువవచ్చును. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై నేడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అను పేర నడచుచున్న పథకము తమ శస్త్రచికిత్సకు వర్తించునో లేదో ఆస్పత్రిలోని పథకపు సహాయకులను ముందుగా అడుగవలెను.

వ్రేలు తీసివేయవలెననిన రోగి భయపడుట సహజము. కాని కుళ్లిన వ్రేలిని సకాలమున తీసివేయుటచే అనేక పర్యాయములు కాలు నిలుచును. ఒప్పుకొనుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగుట మంచిది: కాలికి రక్తము ఎంతవరకు పారుచున్నదో పరీక్షించితిరా? రక్తప్రసారమును బాగుచేయు ఉపాయము కలదా? గాయము మానువరకు కట్టు ఎచట, ఎన్ని దినములకొకసారి మార్చవలెను? ఒక వ్రేలు పోయిన పిమ్మట బరువు తక్కిన వ్రేళ్లపై పడును. కావున తగిన పాదరక్ష, దినదిన పరీక్ష జీవితాంతము అవసరము.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగపు 11వ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుద్ధ్యము పంచాయతీలకు అప్పగింపదగిన అంశములుగా పేర్కొనబడినవి. దానిని ఆచరణలో పెట్టుటకు ఈ పనులు సూచించుచున్నాము.

1. 30 సంవత్సరములు దాటినవారందరు ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. ద్వారా మధుమేహ పరీక్ష చేయించుకొనునట్లు వార్డు సభ్యులు చూడవలెను.

2. మధుమేహము, బోదకాలు, కుష్ఠువు గలవారి పాదములను నెలకొకసారి పరీక్షింపుడని ఆరోగ్య సిబ్బందిని కోరవలెను. రోగుల పేర్లు బహిరంగపరచరాదు. కుష్ఠురోగిని వెలివేయుటను సహింపరాదు.

3. పొలములనుండి వచ్చు దారులలో కుళాయి లేక చేతిపంపు వద్ద కాళ్లు కడుగుకొను చప్టాలు కట్టించవలెను. మురుగునీరు నిలువకుండ కాలువ తీయవలెను.

4. భవానీ, అయ్యప్ప దీక్షల కాలమున పాదరక్షలు లేక నడచు మధుమేహ రోగులకు, వైద్యుని సలహా పొందవలసినదని గురుస్వాముల ద్వారా ముందుగా చెప్పించవలెను. భక్తికి భంగము లేకుండ పాదమును కాపాడుకొను మార్గమును వైద్యుడు చెప్పగలడు.

5. శస్త్రచికిత్స ముగించుకొని వచ్చిన పేదవానికి కట్టు మార్పించు ఏర్పాటును, తోడుమనిషిని సమకూర్చవలెను. పలువురి చికిత్స చెడునది ఆస్పత్రిలో కాదు, ఇంటికి వచ్చిన పిదపనే.

6. కాలు కోల్పోయినవారు ఇంటికే పరిమితము కానక్కరలేదు. 1968లో ప్రొఫెసర్ సేథీ, శిల్పి రామచంద్ర శర్మ రూపొందించిన జైపూరు పాదముతో పొలమున నడచువారు అనేకులు కలరు. అట్టి శిబిరముల సమాచారమును పంచాయతీ కార్యాలయమున ప్రకటింపవలెను.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

మన గ్రామమున గడచిన సంవత్సరము పాదపు పుండుతో పని మానినవారు ఎందరు? వారిలో ఆలస్యముగా ఆస్పత్రికి పోయినవారు ఎందరు? ఆలస్యమునకు కారణము డబ్బా, వాహనమా, తోడు లేకపోవుటయా, తెలియకపోవుటయా? ఈ నాలుగింటిలో మన పంచాయతీ ఈ సంవత్సరము తొలగింపగలది ఏది?

ఈ ప్రశ్నలకు జవాబులు వ్రాసికొని వచ్చు గ్రామసభలో చదివినచో పని ఆరంభమైనట్లే.